మామిడి తోటలో ఆడపిల్ల వాటా ఎంత? వీలునామాతో ఏది మారుతుంది, ఏది మారదు?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు చుట్టుపక్కల ఇంటి పెద్ద కన్నుమూశాక ఆస్తి మాట వచ్చినప్పుడు తరచూ వినపడేది ఒకటుంది: "ఇల్లు అందరిదీ, తోట మాత్రం మగపిల్లలది. బేటీకి పెళ్లిలో పెట్టాం కదా!" చట్టం మాత్రం అలా అనడం లేదు.

ఈ అపోహ ఊరికే పుట్టలేదు. 1937లో షరియత్ చట్టం వచ్చినప్పుడు వ్యవసాయ భూమిని అందులోంచి మినహాయించారు. పొలం, తోట దగ్గరికొచ్చేసరికి ఊరి ఆచారాన్ని చూపించి ఆడవాళ్లను పక్కన పెట్టడానికి దారి ఉండేది. నూజివీడు అప్పుడు మద్రాసు కింద కృష్ణా జిల్లాలో ఉంది (2022 నుంచి ఏలూరు జిల్లా). మద్రాసు ప్రభుత్వం 1949లో సవరణ తెచ్చి ఆ మినహాయింపును తీసేసింది. ఆంధ్ర ప్రాంతంలో ఆ సవరణే నడుస్తోంది. కాబట్టి రసాల తోటైనా, బంగినపల్లి తోటైనా, బజార్లో షాపైనా లెక్క ఒకటే.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఒకాయనకు 12 ఎకరాల తోట. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఎకరంన్నర. మిగిలిన పదిన్నర ఎకరాలు ఐదు భాగాలు. కొడుక్కి రెండు భాగాల చొప్పున 4.2 ఎకరాలు, కూతురికి ఒక భాగం 2.1 ఎకరాలు. సూరా నిసాలో చెప్పిన వాటాలివే. పెళ్లిలో పెట్టిన బంగారం, సామాను ఈ వాటాలో కోత పడవు.

పంపకం కంటే ముందు తీరాల్సినవి ఉన్నాయి. కఫన్-దఫన్ ఖర్చు, ఆ తర్వాత అప్పులు: బ్యాంకు పంట రుణం, గుత్తదారుకి తిరిగి కట్టాల్సిన అడ్వాన్సు, భార్యకి చెల్లించని మెహర్. మెహర్ కూడా అప్పే. ఈ సంగతి చాలా ఇళ్లలో మర్చిపోతారు.

అప్పులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు వరకే వసీయత్, అంటే వీలునామా, చెల్లుతుంది. అదీ వారసులు కానివాళ్లకు. "పెద్దబ్బాయికి తోటంతా" అని వీలునామా రాసి రిజిస్టర్ చేయించినా, తండ్రి పోయాక మిగతా వారసులు ఒప్పుకోకపోతే అది నిలవదు. ఇది హనఫీ సున్నీ కుటుంబాల లెక్క, షియాలకు కొంత తేడా ఉంది. నోటిమాట వసీయత్ కూడా చెల్లుతుంది గానీ కోర్టులో రుజువు చేయడానికి చుక్కలు కనపడతాయి. ఇద్దరు సాక్షులతో రాసి పెట్టడం మంచిది.

మరి ఆ మూడో వంతు ఎందుకు పనికొస్తుంది? తండ్రి బతికుండగానే కొడుకు చనిపోతే, ఇంకో కొడుకు ఉన్నంతవరకు, ఆ చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. కోడలికీ రాదు. పొరుగింటి హిందూ కుటుంబంలో ఉన్నట్టు "పుట్టుకతో వచ్చే హక్కు" మన చట్టంలో లేదు. తండ్రి బతికున్నంత కాలం తోట పూర్తిగా ఆయనదే. ఆ యతీమ్ పిల్లలకు ఏదైనా దక్కాలంటే తాత వసీయత్ రాయాలి, లేదా బతికుండగానే ఇవ్వాలి.

బతికుండగా ఇచ్చేది హిబా. దీనికి మూడో వంతు హద్దు లేదు. ఇస్తున్నానని చెప్పాలి, అవతలివాళ్లు తీసుకోవాలి, ఆస్తి స్వాధీనం చేయాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు 2011లో, ఈ మూడూ జరిగితే హిబా కాగితం రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుందని చెప్పింది. అయినా పట్టాదారు పాస్‌బుక్ మార్చాలన్నా, బ్యాంకులో రుణం తీసుకోవాలన్నా రిజిస్టర్ కాగితం ఉంటే తిరుగుడు తగ్గుతుంది. కాగితం రాసిచ్చి గుత్త డబ్బులు మాత్రం అబ్బాయే తీసుకుంటూ ఉంటే స్వాధీనం మీద గొడవ తప్పదు. ఉమ్మడి తోటలో వాటా ఇచ్చేటప్పుడు ముందు హద్దులు వేయించుకోవాలి. చావు జబ్బులో ఇచ్చిన హిబాకి మళ్లీ వసీయత్ హద్దులే. ఒక బిడ్డకే అంతా రాసివ్వడాన్ని చట్టం ఆపకపోవచ్చు. పిల్లల మధ్య సమానంగా ఇవ్వమన్న హదీసు మాత్రం అందరూ విన్నదే.

తోటకు ఇంకో చిక్కుంది. 12 ఎకరాలను నాలుగు ముక్కలు చేస్తే బోరు ఒకరి వైపు, దారి ఇంకొకరి వైపు పడతాయి. ముసలి చెట్లు ఒకరికి, కాపు మీదున్నవి మరొకరికి వస్తాయి. అందుకే తోటను ముక్కలు చేయకుండా ఉమ్మడిగా గుత్తకిచ్చి, వచ్చిన డబ్బును వాటాల ప్రకారం పంచుకోవచ్చు. ఆ ఒప్పందం రాతలో ఉండాలి, అక్కాచెల్లెళ్ల వాటా బ్యాంకు ఖాతాలోనే పడాలి.

దీన్నే పక్కాగా చేసేది ట్రస్టు. 1882 ట్రస్టుల చట్టం కింద రిజిస్టర్ దస్తావేజు రాసి, బతికుండగానే తోటను ట్రస్టీలకు అప్పగించాలి. వీలునామాతో పెట్టే ట్రస్టుకి వసీయత్ హద్దులే వర్తిస్తాయి. వక్ఫ్-అలల్-ఔలాద్ మరో దారి. 1913 చట్టం దాన్ని నిలబెట్టింది. ఒకసారి వక్ఫ్ చేశాక తోటను అమ్మడం, పంచుకోవడం ఉండదు, వంశం ఆగిపోతే ఆదాయం ధర్మకార్యాలకు పోవాలి. దీనివల్ల ఆడవాళ్లు సహా ఏ వారసుడి హక్కూ పోకూడదని 2025 వక్ఫ్ సవరణ చట్టం చెబుతోంది. కూతుళ్లను తప్పించడానికి ఈ దారి ఎంచుకుంటే ఇప్పుడు కుదరదు.

చివరగా సంతకాల సంగతి. తండ్రి బతికుండగా "నాకు వాటా వద్దు" అని ఆడపిల్లతో రాయించుకున్న కాగితం మామూలుగా చెల్లదు, ఎందుకంటే అప్పటికి ఆమెకు వదులుకోవడానికి హక్కే లేదు. అయితే అందుకు బదులుగా డబ్బు తీసుకుని సంతకం పెడితే తర్వాత అడగకుండా కోర్టు ఆపొచ్చు. 1973లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. అందుకని ఎంత ఇచ్చారు, దేనికిచ్చారు అన్నది చదివించుకున్నాకే సంతకం పెట్టాలి.