తుంటి నొప్పికి ఎటువంటి పడక?

మచిలీపట్నంలోని మా ఇంట నాన్నగారికి నడుము పట్టినప్పుడు, తెలిసిన ఒక పెద్దాయన పరుపు తీసివేసి బల్లమీద పడుకొనమన్నారు. నాన్నగారికి కొంత గుణమిచ్చింది. అది చూచి, కుడి తుంటి నొప్పితో ఉన్న మా అమ్మ కూడా బల్లకే మారింది. పది రోజులకు ఆమెకు రాత్రి నిద్రే కరవైంది.

కారణం ఆలస్యంగా గ్రహించాను. నాన్నగారు వెల్లకిలా పడుకొనేవారు. అమ్మకు చిన్ననాటి నుండి కుడిప్రక్కకు ఒత్తిగిలి పడుకొనే అలవాటు. తొడ ఎముక పైభాగాన వెలుపలికి పొడుచుకొని ఉండే బుడిపెపై కండ పలుచన. ప్రక్కకు పడుకొన్నప్పుడు బల్ల ఆ బుడిపెను, దాని నంటియున్న స్నాయువులను రాత్రంతా నొక్కుతుంది. అట్లని మరీ మెత్తని స్పంజి పరుపూ పనికిరాదు. అందులో తుంటి గోతిలోవలె దిగిపోయి, నడుము వంకర తిరుగుతుంది.

గట్టి పడకే ఆరోగ్యమన్న నమ్మకం నడుము నొప్పి విషయంలోనూ పూర్తిగా నిలువలేదు. స్పెయిన్ దేశపు వైద్యులు చిరకాల నడుము నొప్పి గల 313 మందిని 90 రోజులు పరిశీలించి, 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. గట్టి పరుపు వాడినవారికంటె మధ్యస్థపు పరుపు వాడినవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది.

కొత్త పరుపు కొనకముందు ఇంటిలోని పడకను పరీక్షించండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. అవనిగడ్డ, నాగాయలంక వైపు మా బంధువుల ఇండ్లలో వానాకాలం వెళ్ళేసరికి దూది పరుపులు గడ్డలు కట్టి, తుంటి ఆనేచోట పల్లమై ఉంటాయి. అటువంటిదానిని ఎండబెట్టి, దూది ఏకించి తిరిగి కుట్టిస్తే చాలును. నవారు మంచం సడలితే పైన ఎంత మంచి పరుపు వేసినా ప్రయోజనం లేదు. ముందు నవారు బిగించవలెను.

మేము గుడివాడలో కొన్న కొబ్బరిపీచు పరుపు అమ్మకు గట్టిదైనది. దానిపై రెండంగుళాల దూది పరుపు వేశాము. ప్రక్కకు పడుకొన్నప్పుడు వెనుకనుండి మరొకరు చూడవలెను: వెన్నెముక మెడ నుండి పిరుదుల వరకు తిన్నగా ఉంటే పరుపు సరిపోయినట్లే. భారీ శరీరులకు కొంచెం గట్టిది, సన్ననివారికి కొంచెం మెత్తనిది కావలెను. పైన నూలు దుప్పటి చెమటను పీలుస్తుంది. ఈ విషయంలో మన పెడన కలంకారీ దుప్పట్లకు సాటి ఏది!

నొప్పి లేని ప్రక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు ఉంచుకొనవలెను. మోకాళ్ళ నుండి చీలమండల దాకా ఆనేంత పొడవుంటే పై కాలు ముందుకు జారి తుంటిని లాగదు. అమ్మకు పాత చీరెల మడతే దిండైనది. నిద్రకు ముందు గోరువెచ్చని నువ్వుల నూనె మెల్లగా రాచి, వావిలాకు కాపడం పెట్టేవారము. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు కాపడం వేడిని మరొకరి చేత చూపించుకొనవలెను, చర్మం కాలినా తెలియదు.

ఇక, వృద్ధులు జారిపడి కాలు మోపలేకపోయినా, ఆ కాలు పొట్టిగా, పాదం వెలుపలికి తిరిగినట్లు కనిపించినా నూనె రాయరాదు, మర్దన చేయరాదు. తుంటి ఎముక విరిగి ఉండవచ్చును. కదపకుండా ఆస్పత్రికి చేర్చి వెంటనే ఎక్స్‌రే తీయించవలెను. జ్వరంతో కూడిన తుంటి నొప్పికీ వైద్యుని చూడవలసినదే.