బస్తర్ చీమల పచ్చడి, మాంసం, మీథేన్

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వారపు సంతల్లో ఆకు దొన్నెల్లో ఎర్ర చీమలను, వాటి గుడ్లను అమ్ముతారు. ఉప్పు, మిరపకాయలు, అల్లం, వెల్లుల్లి చేర్చి నూరితే ‘చాప్డా’ పచ్చడి తయారవుతుంది. దీనికి చింతపండు అక్కర్లేదు. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లమే పులుపునిస్తుంది. చెట్ల ఆకులను కలిపి గూడు కట్టే ఈ చీమల శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరాగ్డినా. ఇలా పురుగులనూ చీమలనూ ఆహారంగా తీసుకునేవారు ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది ఉంటారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది.

అడవి చీమకు మేత పండించనక్కర్లేదు. పశువుల సంగతి వేరు. ఆవు, గేదె, గొర్రె, మేక వంటి నెమరువేసే జంతువుల పొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టినప్పుడు మీథేన్ పుడుతుంది. అది ఎక్కువగా త్రేన్పులతో బయటికి వస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అయితే గాలిలో నిలిచేది పన్నెండేళ్లే కాబట్టి, తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

‘సైన్స్’ పత్రికలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 100 గ్రాముల ప్రొటీన్ కోసం మాంసానికే పెంచే పశువుల నుంచి సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. గొర్రె, మేక మాంసానికి 20 కిలోలు, కోడికి దాదాపు 6 కిలోలు, పప్పులకు కిలో కంటే తక్కువ. ఎముక లేని కిలో మాంసంలో 200 గ్రాముల ప్రొటీన్ ఉంటుందనుకుంటే, ఆదివారం కిలో మటన్ వండే ఇంటి లెక్క 40 కిలోలు. అంతే ప్రొటీన్ కోడి నుంచి వస్తే అది 12 కిలోలకు, పప్పుల నుంచి వస్తే రెండు కిలోల లోపుకు దిగుతుంది. ఇవి ప్రపంచ సగటులు. బీళ్లలో మేసే మన గొర్రెల లెక్క కొంత తేడాగా ఉండవచ్చు.

ఈ సలహా బస్తర్ పల్లెలకు వర్తించదు. అక్కడ మాంసం రోజూ వండేది కాదు. పోషకాహార లోపమున్న పిల్లల కంచంలోంచి గుడ్డు తీసేస్తే పర్యావరణానికి ఒరిగేదీ లేదు. తగ్గించుకోవలసింది తరచుగా, ఎక్కువగా తినేవారు.

అలాగని నగరాలకు చీమల పచ్చడి పంపడమూ పరిష్కారం కాదు. మామిడి, జీడిమామిడి తోటల్లో చీడపురుగులను వేటాడేది ఈ చీమలే. గూళ్లన్నీ కోసేస్తే చెట్లకు కాపలా పోతుంది. బస్తర్ మెట్ట పొలాల్లోనే పండే ఉలవలతో ఆ చిక్కు లేదు. నీరు తక్కువ చాలు, వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది, 100 గ్రాముల గింజల్లో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.