చెట్టును నరకక వదలించుకొను ఉపాయము

తోటలో తనంతట మొలచి పెరిగిన చెట్టును ఎట్లు వదలించుకొనవలెనని సంఘ సభ్యులు తరచుగా మమ్ము అడుగుచుందురు. మామిడి, బత్తాయి తోటలలో పక్షులు విడిచిన గింజలనుండి వేపయో నేరేడో మొలచును. మొక్కగా నున్నప్పుడు పీకుటకు తీరిక చిక్కదు. పదియేండ్లకు అది మ్రానై పండ్లచెట్లకు ఎండ తగులనీయదు; వాని నీటిని, ఎరువును పంచుకొనును. అప్పుడు గొడ్డలితో నరికెదము. వాన కురియగనే మొద్దు చుట్టును చిగుళ్లు లేచి, ఒక చెట్టుకు మారుగా ఒక పొద యేర్పడును. మొద్దుకు మందు పూయుదమన్న, ప్రక్కనున్న పండ్లచెట్లకు హాని కలుగునేమో యని భయము. వేరు బ్రదికియున్నంతకాలము మాను నరకుట వ్యర్థశ్రమయే. కావున మొదట వేరును క్షీణింపజేయవలెను.

దానిమ్మకు గాలి అంటు కట్టు రైతులకు దీని మర్మము తెలియనిది కాదు. కొమ్మచుట్టును బెరడు వలిచినను కొమ్మ వాడదు. వలిచిన చోటికి పైయంచున వేళ్లు పుట్టును. ఏలయన, నీరు లోపలి కొయ్యగుండ పైకి పోవును. ఆకులు సిద్ధపరచిన ఆహారము బెరడుగుండ క్రిందికి దిగును. మాను మొదట బెరడు వలిచిన, ఆకులు కొంతకాలము పచ్చగనే యుండును గాని, వేళ్లకు ఆహారము అందదు. దాచుకొన్నది ఖర్చయిన పిదప వేళ్లు చచ్చును, వానితో చెట్టును ఎండును.

చెట్టు కొత్తచిగురు తొడిగి ఆకు ముదురుచున్న వేళ దీనికి తగిన సమయము. చిగురు తొడుగుటకై వేరులోని నిలువ అప్పటికి చాలవరకు తరిగియుండును. బెరడును సులభముగా ఊడివచ్చును. నేలకు కొంచెము పైగా, జానెడు వెడల్పున, మాను చుట్టును బెరడు పూర్తిగా తీయవలెను. దాని క్రిందనున్న జిగురుపొరను కత్తితో గీకివేయవలెను. వ్రేలెడు పట్టి మిగిలినను దాని గుండ ఆహారము దిగి, గాయము పూడును. కొయ్యను మాత్రము లోతుగా నరకరాదు. నరికిన ఆకులు త్వరగా ఎండును. వేరులో నిలువ మిగిలి, మరల చిగురించును.

తరువాత కావలసినది ఓపిక. చెట్టు ఎండుటకు ఒక సంవత్సరమో, రెండో పట్టవచ్చును. ఈలోపల వలిచిన చోటికి క్రింద లేచు ప్రతి చిగురును లేతగా నున్నప్పుడే త్రుంచివేయవలెను. అవి ఆకు విప్పిన, వేరునకు మరల ఆహారము దొరకును. చిగుళ్లు త్రుంచుట మరచినవారికి పడిన శ్రమ దక్కదు.

ఈ ఉపాయము అన్ని చెట్లకును పనికిరాదు. తాటి, ఈత, కొబ్బరి చెట్లకు ఇట్లు వలుచుటకు వేరుగా బెరడు లేదు. మఱ్ఱి ఊడలు నేలను తాకినచో ఆహారము వానిగుండ దిగును. సర్కారుతుమ్మ నేలలోపలి మొదటినుండి చిగురించును గనుక, దానిని త్రవ్వి, ఆ మొదలుతో సహా పెకలింపవలెను.

ఎండిన మాను గాలివానకు విరుగును. కావున ఇంటి ప్రక్కను, పశువులపాక కడను, బాటమీదను, కరెంటు తీగల క్రిందను ఈ పని చేయరాదు. గట్టుమీది చెట్టైనచో పొరుగు రైతు సమ్మతి ముందుగా పొందవలెను. చెట్లు కొట్టుటకు 2002వ సంవత్సరపు వాల్టా చట్టము నిబంధనలు విధించినది. బెరడు తీయుటయు చెట్టును చంపుటయే గనుక, అనుమతి విషయము అధికారులను విచారించి పని ప్రారంభించుట క్షేమము.

చివరకు ఒక మాట. జానెడు బెరడు వలుచుట ఒక పూట పని. వలిచిన పిదప మనసు మారినను చెట్టును నిలుపుట దుర్లభము. కొమ్మలు కొన్ని తీసిన చాలునేమో ముందుగా చూడుడు. ప్రతి వర్షకాలమునను తోట తిరిగి మొలకలను చేతితో పీకు రైతునకు ఈ ఉపాయముతో పనియే యుండదు.