పక్షవాతం తర్వాత చేయి బిగుసుకోవడం బలం రావడం కాదు

పక్షవాతం వచ్చిన కొత్తలో పడిపోయిన చేయి సాధారణంగా మెత్తగా వేలాడుతూ ఉంటుంది. కొన్ని వారాలు గడిచాక చాలామందిలో మోచేయి వంగి, పిడికిలి ముడుచుకుంటుంది. కాలు కర్రలా బిగిసి, పాదం కిందికి వాలుతుంది. ఇది చూసి కొందరు ‘‘చేతికి బలం వస్తోంది’’ అని సంతోషిస్తారు. మరికొందరు మనిషి మొండికేస్తున్నాడని విసుక్కుంటారు. రెండూ పొరపాటే. దీన్ని డాక్టర్లు స్పాస్టిసిటీ అంటారు, అంటే కండరాల బిగుతు.

ఎందుకు వస్తుంది?

కండరాన్ని సాగదీస్తే తిరిగి ముడుచుకోవడం దాని స్వభావం. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టగానే కాలు ఎగిరేది అందుకే. ఈ పని వెన్నుపాము స్థాయిలోనే జరుగుతుంది. అది శ్రుతి మించకుండా మెదడు అదుపు చేస్తుంది. మెదడు దెబ్బతిన్నప్పుడు ‘‘చేయి ఎత్తు’’ అన్న ఆజ్ఞ సరిగా అందదు, అది బలహీనత. అదుపు కూడా తప్పుతుంది, అది బిగుతు. ఒకే చేతిలో ఈ రెండూ ఉంటాయి. పుట్టుకతో వచ్చే సెరిబ్రల్ పాల్సీలోను, వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పుడు కూడా ఇలాంటి బిగుతే కనిపిస్తుంది.

ఎంత వేగంగా లాగితే కండరం అంత గట్టిగా ఎదురు తిరగడం దీని ముఖ్య లక్షణం. కాబట్టి బలవంతంగా గుంజితే మేలు కన్నా కీడే ఎక్కువ.

వదిలేస్తే ఏమవుతుంది?

నెలల తరబడి ముడుచుకునే ఉన్న కండరం పొట్టిదైపోతుంది, కీలు అక్కడే బిగుసుకుపోతుంది. గోళ్లు అరచేతిలో దిగబడతాయి. చొక్కా తొడగడం, స్నానం చేయించడం కష్టమవుతుంది. ఆ దశకు వస్తే వ్యాయామం ఒక్కటే చాలదు, ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళ్లాలి.

ఇంట్లో చేయవలసినవి

ఫిజియోథెరపిస్టు చూపిన విధంగా కీళ్లను రోజూ నెమ్మదిగా చాపాలి. నొప్పి పుడితే ఆపాలి. పడిపోయిన చేయి పట్టుకుని మనిషిని ఎప్పుడూ లేపకూడదు, భుజం కీలు జారుతుంది. బిగుతు ఉన్నట్టుండి పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పడక పుండు, బిగుతైన చెప్పులు ఉన్నాయేమో చూడాలి. వీటిలో ఏదైనా బిగుతును పెంచగలదు.

బ్యాక్లోఫెన్, టిజానిడిన్ వంటి మాత్రలు డాక్టరు రాస్తారు. వాటివల్ల మగత రావచ్చు. బ్యాక్లోఫెన్‌ను మాత్రం సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఒకటి రెండు కండరాలే బిగుసుకుంటే బొటులినం ఇంజెక్షన్ ఇస్తారు. దాని ప్రభావం సుమారు 3 నెలలు. ఆ వ్యవధిలో వ్యాయామం చేయిస్తేనే ప్రయోజనం నిలుస్తుంది.

మన కుటుంబాలకు ఒక మాట

పక్షవాతాన్ని కన్నడంలో పార్శ్వవాయు, తమిళంలో పక్కవాదం, మరాఠీలో అర్ధాంగవాయు, ఒడియాలో పక్షాఘాత అంటారు. ఆ మాట ఒక్కటి చెబితే డాక్టరుకు చాలదు. బిగుతు ఎప్పుడు మొదలైంది, ఏ పనికి అడ్డుపడుతోంది అన్నది విడిగా చెప్పాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దలకు ఫిజియోథెరపిస్టు స్థానిక భాషలో చెప్పేది అందకపోవచ్చు. పిల్లల్లో ఒకరు పక్కన కూర్చుని ‘‘నాన్నా, ఇప్పుడు నెమ్మదిగా వేళ్లు విప్పు’’ అని తెలుగులో చెప్పాలి.

వైకల్యం మిగిలిపోతే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయండి. ఇది దేశమంతటా చెల్లుతుంది. 2016 చట్టం కింద చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ కావాలి.

అన్నిటికన్నా ముఖ్యం, పిడికిలి ముడుచుకోవడం మొదలైందని అనిపించిన వెంటనే డాక్టరుకు చూపించండి. తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకండి.