‘ఈ పిల్లాణ్ణి మేం చేర్చుకోలేం’ అంటే ఊరుకోవద్దు

మిరప కోతలు మొదలైతే మా కూలిపేటలో పగటిపూట పెద్దమనిషి కనపడడు. తెల్లారకముందే ఆటోలు కూలీలను ఎక్కించుకొని పోతాయి. 2023 ఫిబ్రవరిలో అట్లాంటి ఒక రోజు సంఘం సభ్యత్వం రాయడానికి పేటలో తిరుగుతున్నాను. ఒక ఇంటి అరుగు మీద పదకొండేళ్ల పిల్ల కూర్చుని ఉంది. పక్కన నులకమంచం మీద ఎనిమిదేళ్ల తమ్ముడు. బడి ఉన్న రోజే. ‘ఏమ్మా, బడికి పోలేదా?’ అన్నాను. ‘నేను పోతే వీణ్ణెవరు చూస్తారు పెదనాన్నా?’ అన్నదా పిల్ల.

తమ్ముడికి పుట్టినప్పటి నుంచి సెరిబ్రల్ పాల్సీ. కాళ్లూ, ఒక చెయ్యీ బిగుసుకుపోయి ఉంటాయి. మాట నిదానంగా వస్తుంది. కానీ చెప్పింది అర్థమవుతుంది. అక్క పుస్తకంలో బొమ్మలు చూపించి పేర్లడిగితే గబగబా చెప్పాడు.

సాయంత్రం తల్లి కోతనుంచి వచ్చాక మాట్లాడాను. రెండేళ్లు వరసగా బిడ్డను చంకనేసుకొని బడికి తీసుకెళ్లిందట. ‘మా దగ్గర ఇట్లాంటి పిల్లలకు చెప్పే టీచర్లు లేరమ్మా, పడితే ఎవరు బాధ్యత? ఏదైనా స్పెషల్ స్కూల్లో వెయ్యి’ అని పంపేశారు. ఆ స్పెషల్ స్కూలు ఎక్కడుందో, ఎట్లా పోవాలో ఎవరూ చెప్పలేదు. చివరికి ఆరో తరగతిలో ఉన్న ఆడపిల్లను మానిపించి తమ్ముడికి కాపలా పెట్టింది. పెట్టకపోతే తన కూలి పోతుంది. కూలి పోతే పొయ్యి వెలగదు.

ఇక్కడ నా తప్పు ఒకటి దాచకుండా చెప్పాలి. ఆరోజు నేను కూడా, ‘పింఛను వస్తున్నది గదమ్మా, ఇంట్లోనే ఉండనీ’ అన్నాను. ఆమె నావైపు చూసి, ‘పింఛను వాడి కడుపుకన్నా. చదువు ఎవరిస్తారు? వాడితోపాటు ఈ పిల్ల చదువు కూడా పోయిందే, దానికేం పింఛనిస్తారు?’ అన్నది. నాకు జవాబు రాలేదు. ఇరవై ఏళ్లుగా కూలిరేటు గురించి, ఇళ్లస్థలాల గురించి అర్జీలు రాసిన నేను, వికలాంగ బిడ్డ చదువు గురించి ఒక్కటి కూడా రాయలేదు. అది ఆ ఇంటి కష్టమే అనుకున్నాను గానీ సంఘం పని అనుకోలేదు.

చట్టంలో ఏమున్నది?

నేను చదివింది ఏడో తరగతి. చట్టాలు చదివించుకొని, అడిగి తెలుసుకున్నవాణ్ణి. ఆ నెలలోనే మండలంలో న్యాయ విజ్ఞాన సదస్సు జరిగితే వెళ్లి, అక్కడున్న పారా లీగల్ వాలంటీరును అడిగాను. ఆయన చెప్పింది, తర్వాత వకీలు వివరించింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలి. వికలాంగ పిల్లలను 2012 సవరణలో స్పష్టంగా చేర్చారు. చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టకూడదు. వయసు కాగితం లేదని తిప్పి పంపకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు. ఇంతవరకు బడి మొహం చూడని పిల్లవాణ్ణయినా వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకు పోయింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో ఇరవై ఒకటి ఉన్నాయి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం మాత్రమే కాదు, అక్షరాలు కూడబలుక్కోలేని అభ్యసన వైకల్యం కూడా లెక్కలోకి వచ్చింది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది బిడ్డ వైపువాళ్లు కోరుకోవాలి. ‘వేరే చోట వెయ్యి’ అని హెడ్మాస్టరు నిర్ణయించేది కాదు.

16వ సెక్షన్ బడి బాధ్యతలు చెబుతుంది. వివక్ష లేకుండా చేర్చుకోవాలి. గదులకు, మరుగుదొడ్డికి పోగలిగేటట్టు ఏర్పాటు చెయ్యాలి. బిడ్డ అవసరాన్ని బట్టి సాయం అందించాలి. రానుపోను రవాణా సౌకర్యం కల్పించాలి. సాయం ఎక్కువ కావలసిన బిడ్డ అయితే వెంట వచ్చే మనిషికి కూడా కల్పించాలి. 17వ సెక్షన్ ప్రకారం పుస్తకాలు, పరికరాలు పద్దెనిమిదేళ్ల దాకా ఉచితం. పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం ఇవ్వాలి.

మంచం దిగలేని బిడ్డలకు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కు కూడా ఉన్నది. అయితే అది కోరుకోవలసింది బిడ్డ, తల్లిదండ్రులు. బడి తన బరువు దించుకోవడానికి వాడుకునే సాకు కాకూడదు.

వకీలు ఫీజు ఎవరు కడతారు?

ఇదంతా విన్నాక ఆ తల్లి అడిగిన మొదటి మాట, ‘కోర్టుకు పోతే వకీలుకు ఎంతవుతుందన్నా?’ అని. మన కూలీలు కోర్టు పేరు వినగానే వెనక్కి తగ్గేది ఇక్కడే. జవాబు ఒకటే: పైసా అక్కర్లేదు.

పేదలకు ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. దానికోసం 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం తెచ్చి, 1995 నుంచి అమలు చేశారు. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఉచిత న్యాయసహాయం హక్కు. వీరికి ఆదాయ పరిమితి అడగరు. ఆలోచించండి, మన విషయంలో బాధితుడు పిల్లవాడు, పైగా వికలాంగుడు, అడిగేది తల్లి. ఎటు చూసినా అర్హతే.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. మండల స్థాయి కోర్టుల దగ్గర మండల కమిటీలుంటాయి. తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు. రాయడం రాకపోతే నోటితో చెబితే అక్కడివాళ్లే రాసుకోవాలి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. సంస్థ నియమించిన వకీలుకు మీరు ఫీజు ఇవ్వనక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఆ సంస్థ కార్యదర్శికే ఫిర్యాదు చెయ్యండి.

మేం ఏం చేశామంటే

ముందు తల్లి పేరుతో హెడ్మాస్టరుకు అర్జీ రాశాం. ‘నా కొడుకును వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వీలుకాదంటే కారణం రాసివ్వాలి’ అని రెండే మాటలు. నకలు మండల విద్యాధికారికి ఇచ్చాం. రెండింటి మీదా తేదీతో ముట్టినట్టు సంతకం తీసుకున్నాం. అదివరకు రెండేళ్లు నోటిమాటతో అడిగిన తల్లి చేతిలో ఒక్క రుజువు కూడా లేదు. నోటితో ‘లేదు’ అన్నవాళ్లు కాగితం మీద ‘లేదు’ అని రాయడానికి జంకుతారు. అది మాకు అప్పుడే తెలిసింది.

మూడు వారాలు చూశాం. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. ఆరోజు ఆమె కూలి పోయింది. తోటి ముఠా ఆడవాళ్లు తలా ఇంత వేసుకొని ఆ కూలి డబ్బు ఆమె చేతిలో పెట్టారు. ఇది చిన్న విషయంగా కనపడవచ్చు. వకీలు ఉచితమే అయినా పేదవాడికి న్యాయం దూరమయ్యేది ఈ పోయిన రోజుకూలి దగ్గరే, బస్సు చార్జీ దగ్గరే. ఆ లోటు పూడ్చవలసింది సంఘం.

వకీలు సెక్షన్లన్నీ పేర్కొంటూ బడికి నోటీసు పంపాడు. జూన్‌లో బడి తెరిచిన వారానికి ఆ పిల్లవాడు మూడో తరగతిలో కూర్చున్నాడు. కోర్టు మెట్లు ఎక్కే అవసరమే రాలేదు. అక్క మళ్లీ ఆరో తరగతిలో చేరింది. తల్లి కోతలకు పోతున్నది. ఒక్క కాగితం ముగ్గురిని విడిపించింది.

అన్నీ దక్కాయని మాత్రం చెప్పను. మండలంలోని భవిత కేంద్రం నుంచి ప్రత్యేక టీచరు వారానికి ఒకసారి వస్తే గొప్ప. రవాణా భత్యం కోసం రెండోసారి అర్జీ పెట్టవలసి వచ్చింది. ర్యాంపు కట్టారు గానీ మరుగుదొడ్డి దాకా పోదు. ప్రత్యేక టీచర్ల గురించి 2021లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో తీర్పు చెప్పింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలన్నది. పోస్టులు సృష్టించి, శాశ్వత పద్ధతిలో నింపాలన్నది. తీర్పు దానంతటది మన ఊరి బడికి నడిచి రాదు. అడిగేవాళ్లుండాలి.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. సదరం శిబిరానికో, యుడిఐడి కార్డుకో దరఖాస్తు చేయించండి. అయితే ధ్రువపత్రం లేదని బడి చేర్చుకోకపోవడం చెల్లదు. విద్యాహక్కు పిల్లలందరిదీ.

రెండు. ప్రతిదీ రాతపూర్వకంగా అడగండి. నకలు, ముట్టినట్టు సంతకం, తేదీ దాచుకోండి.

మూడు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం మీ ఫిర్యాదును స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పోవచ్చు. వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు కూడా అర్జీ పెట్టవచ్చు. సాక్షులను పిలిపించడంలో, రికార్డులు తెప్పించడంలో ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

నాలుగు. 2016 చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల రూపాయల దాకా జరిమానా ఉంది. మళ్లీ చేస్తే యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా. నలుగురిలో బిడ్డను కావాలని అవమానించినవాడికి 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ‘కుంటోడా’, ‘పిచ్చోడా’ అని మన పేటలో మనమే పిలుస్తున్నాం, అది కూడా గుర్తుండాలి.

ఐదు. బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి. మన వికలాంగ బిడ్డల తల్లులను అందులో నిలబెట్టండి.

సంఘం కార్యకర్తలకు నా మాట ఒకటి. సభ్యత్వ పుస్తకం పట్టుకొని పేటలో తిరిగేటప్పుడు, పగలు తలుపు దగ్గర కూర్చున్న ఆడపిల్ల ఎవరికి కాపలా ఉందో అడగండి. ప్రతి గ్రామశాఖ అట్లాంటి ఇళ్ల జాబితా రాయాలి. జూన్‌లో బళ్లు తెరవకముందే అర్జీలు చేతికివ్వాలి. అర్జీ ఇచ్చేరోజు ఆ తల్లి పక్కన నలుగురం నిలబడాలి, ఆ రోజుకూలి ఆమెకు పోకుండా చూడాలి.

మొన్న ఆ ఇంటికి పోయాను. పిల్లవాడు నా రశీదు పుస్తకం లాక్కొని దానిమీద సంఘం పేరు కూడబలుక్కొని చదివాడు. చాలాసేపు పట్టింది. మేమందరం ఆగి విన్నాం.