ఏకాకి దేశం ఎగుమతి చేసిన సైన్యం

ఆంక్షల నడుమ బతుకుతున్న ఉత్తర కొరియా, మిత్రదేశం యుద్ధానికి వేల మందిని పంపి తన పని చక్కబెట్టుకుంది. చనిపోయినవారికి పతకాలిచ్చింది. ప్రాణాలతో శత్రువుకు చిక్కినవారి సంగతే ఎవరికీ పట్టని ప్రశ్న

2025 జనవరి 11న ఉక్రెయిన్ అధ్యక్షుడు వొలొదిమిర్ జెలెన్‌స్కీ ఇద్దరు యువకుల ఫొటోలను విడుదల చేశారు. ఒకరి చేతులకు కట్లు, మరొకరి దవడకు కట్టు. రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలో గాయాలతో పట్టుబడిన ఆ ఇద్దరినీ కీవ్‌కు తీసుకొచ్చారు. వారిలో ఒకరి దగ్గర రష్యా సైనిక గుర్తింపు కార్డు దొరికింది. అందులో ఉన్న పేరు మాత్రం అతనిది కాదు, రష్యాలోని తువా ప్రాంతానికి చెందిన మరెవరిదో. అతను పుట్టింది 2005లో, ఉత్తర కొరియాలో. సైన్యంలో చేరింది 2021లో. తనను పంపుతున్నది యుద్ధానికి కాదు, శిక్షణకే అనుకున్నానని అతను చెప్పినట్లు ఉక్రెయిన్ భద్రతా సంస్థ వెల్లడించింది.

పరాయి దేశంలో, పరాయి పేరుతో, ఎవరితో పోరాడుతున్నాడో కూడా సరిగా తెలియకుండా పట్టుబడిన ఆ కుర్రాడి కథలోనే ఈ వ్యవహారమంతా ఉంది. ప్రపంచం దూరం పెట్టిన ఒక చిన్న దేశం, ఒక పెద్ద దేశం యుద్ధంలోకి తన సైన్యాన్ని ఎందుకు పంపుతుంది? అందుకు మూల్యం ఎవరు చెల్లిస్తారు?

ఇచ్చిందేమిటి, పుచ్చుకుందేమిటి

2024 జూన్ 19న ప్యాంగ్యాంగ్‌లో రష్యా అధ్యక్షుడు వ్లాదిమిర్ పుతిన్, ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్ ఒక ఒప్పందంపై సంతకాలు చేశారు. ఇద్దరిలో ఎవరిపై దాడి జరిగినా రెండోవారు సైనిక సాయం చేయాలన్నది అందులోని నాలుగో అధికరణం. ఆ తర్వాత రెండు నెలలకే, ఆగస్టు 6న ఉక్రెయిన్ సేనలు సరిహద్దు దాటి కుర్స్క్‌లోకి చొచ్చుకెళ్లాయి. అక్టోబర్ నాటికి ఉత్తర కొరియా ప్రత్యేక దళాలు నౌకల్లో వ్లాదివోస్తోక్ చేరుకున్నాయని దక్షిణ కొరియా గూఢచారి సంస్థ ప్రకటించింది. మొదటి విడతలో వెళ్లినవారు దాదాపు 11,000 మంది. 2025 ఆరంభంలో మరో 3,000 మందికి పైగా వెళ్లారు.

ఉత్తర కొరియాకు దక్కిందేమిటన్నది అర్థం కావాలంటే దాని పరిస్థితి తెలియాలి. అణు పరీక్షల కారణంగా 2006 నుంచీ ఐక్యరాజ్యసమితి ఆంక్షలు దాన్ని చుట్టుముట్టాయి. బొగ్గు, ఇనుము, చేపలు, బట్టలు, ఏవీ అమ్ముకోవడానికి వీల్లేదు. శుద్ధి చేసిన చమురు ఏడాదికి 5 లక్షల బ్యారెళ్లకు మించి కొనడానికి లేదు. ఇతర దేశాల్లో పనిచేస్తున్న కార్మికులను సైతం 2019 చివరికల్లా వెనక్కి పంపేయాలని భద్రతా మండలి తీర్మానించింది. ఇక అమ్ముకోవడానికి మిగిలినవి రెండే: గోదాముల్లోని ఫిరంగి గుండ్లు, బ్యారక్‌లలోని మనుషులు.

రష్యా రెండింటినీ తీసుకుంది. ఆంక్షల అమలును గమనించే 11 దేశాల బృందం 2025 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2024లో ఉత్తర కొరియా నుంచి రష్యాకు 90 లక్షల దాకా ఫిరంగి, రాకెట్ గుండ్లు వెళ్లాయి. బదులుగా గగనతల రక్షణ పరికరాలు, పరిమితికి మించిన చమురు అందాయి. ఒక్కో సైనికుడికి నెలకు దాదాపు 2,000 డాలర్లు ముడుతున్నట్లు దక్షిణ కొరియా గూఢచారి సంస్థ అంచనా. ఆ సొమ్ములో సైనికుడి చేతికి ఎంత చేరుతుందన్నది వేరే విషయం. వీటన్నిటికీ మించి, భద్రతా మండలిలో వీటో అధికారమున్న ఒక దేశం కిమ్‌కు అండగా నిలిచింది. ఆంక్షల ఉల్లంఘనలపై ఏళ్ల తరబడి నివేదికలిచ్చిన ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ గడువు పొడిగించకుండా 2024 మార్చిలో రష్యా వీటో చేసింది. నిఘా పెట్టే కన్ను మూతపడ్డాక కొన్ని నెలలకే నౌకలు బయల్దేరాయి.

పాత దారే

ఒంటరి దేశాలు ఇలా సైన్యాన్ని పంపడం కొత్తేమీ కాదు. అమెరికా ఖండాల దేశాల సంస్థ 1962లో వెలివేసిన క్యూబా, 1975 నవంబర్లో అంగోలా వామపక్ష ప్రభుత్వానికి అండగా సైన్యాన్ని తరలించింది. 1991 మే వరకూ సాగిన ఆ మిషన్‌లో 3 లక్షల మందికి పైగా క్యూబన్లు పాల్గొన్నారు. 2,000 మందికి పైగా చనిపోయారు. ఆయుధాలు సోవియట్ యూనియన్‌వే అయినా, యుద్ధానికి వెళ్లాలన్న నిర్ణయం ఫిడెల్ కాస్ట్రోదేనని తర్వాత బయటపడిన పత్రాలు చెబుతున్నాయి. 1988 డిసెంబర్లో న్యూయార్క్‌లో అంగోలా, దక్షిణాఫ్రికాలతో పాటు క్యూబా కూడా ఒప్పందంపై సంతకం చేసింది. నమీబియా స్వాతంత్య్రానికి అది బాట వేసింది. వెలి పడిన దేశానికి యుద్ధం ఓ గౌరవ స్థానం తెచ్చిపెట్టింది.

ఉత్తర కొరియాకూ ఇలాంటి అనుభవం ఉంది. 1967 నుంచి దాని పైలట్లు ఉత్తర వియత్నాం తరఫున అమెరికా విమానాలతో తలపడ్డారు. ఆ విషయం చాలా ఏళ్లపాటు రహస్యంగానే ఉండిపోయింది. చనిపోయిన 14 మందిని వియత్నాంలోని బాక్ జియాంగ్‌లో పాతిపెట్టారు. వారి అవశేషాలు స్వదేశం చేరింది 2002లో.

కుర్స్క్ విషయంలోనూ తొలి ఆరు నెలలు అదే మౌనం. 2025 ఏప్రిల్ చివర్లో రష్యా, ఆ వెంటనే ఉత్తర కొరియా సైన్యం పంపిన మాట అంగీకరించాయి. అప్పటికి 600 మంది చనిపోయారని దక్షిణ కొరియా అంచనా. సెప్టెంబర్లో ఆ అంకెను దాదాపు 2,000కు పెంచింది. ఆగస్టులో కిమ్ 101 మంది మృతుల చిత్రపటాల ముందు తలవంచి, పతకాలు తగిలించారు. వారి కుటుంబాల కోసం ప్యాంగ్యాంగ్‌లో కొత్త వీధి కట్టిస్తానని ప్రకటించారు. పట్టుబడకుండా తమను తాము పేల్చుకున్న సైనికులను కీర్తిస్తూ ప్రభుత్వ టీవీ కార్యక్రమం ప్రసారం చేసింది. అందులోని సందేశం ఇంట్లోవారికీ, సరిహద్దులో ఉన్నవారికీ ఒకటే: బందీ కావడం కంటే చావడం మేలు.

తలుపు తట్టే వీలు

మనవాళ్లకూ ఈ యుద్ధం దూరమైనదేమీ కాదు. ఉద్యోగాలిప్పిస్తామన్న ఏజెంట్ల మాట నమ్మి రష్యా వెళ్లి సైన్యంలో తేలిన భారతీయుల్లో హైదరాబాద్ యువకుడొకరు 2024లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అలాంటివారు 126 మంది; వారిలో 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ లేదు. వీరి కష్టం చిన్నదేమీ కాదు. అయితే ఈ కుటుంబాలు ఎంపీని కలిశాయి, మీడియాకెక్కాయి, ఢిల్లీలో తలుపులు తట్టాయి. ప్రభుత్వం లెక్క చెప్పక తప్పలేదు. ఉత్తర కొరియా తల్లికి తట్టడానికి తలుపు లేదు. పంపింది ప్రభుత్వమే కాబట్టి అడగడమే నేరం.

కీవ్‌లోని బందీల్లో ఒకరు 2025 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా పత్రికతో మాట్లాడుతూ, ఉక్రెయిన్ డ్రోన్లను నడిపేది దక్షిణ కొరియన్లేనని తమకు చెప్పారన్నారు. తమ సైన్యంలో బందీ కావడాన్ని దేశద్రోహంగా చూస్తారని, దక్షిణ కొరియాకు వెళ్లాలనుందని చెప్పారు. తమ రాజ్యాంగం ప్రకారం ఉత్తర కొరియన్లూ తమ పౌరులేనని, కోరుకుంటే తీసుకుంటామని సియోల్ ప్రకటించింది. కానీ యుద్ధం ముగిశాక బందీలను వెంటనే స్వదేశం పంపాలని 1949 నాటి జెనీవా ఒప్పందం చెబుతోంది. వెళ్లనంటే ఏం చేయాలో అందులో లేదు.

ఈ ప్రశ్న భారత్‌కు పాతదే. 1953లో కొరియా యుద్ధం ఆగినప్పుడు, వెనక్కి వెళ్లబోమన్న 22,000 మందికి పైగా బందీల బాధ్యత భారత సైన్యం మీద పడింది. తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడు. తొమ్మిది నెలలు కూడా పట్టని ఆ పనిలో ఒక్కో బందీకీ తన మాట తాను చెప్పుకునే అవకాశం కల్పించాలన్నది ఆయన ముందున్న కర్తవ్యం. అది పూర్తిగా నెరవేరకున్నా, ఏ పక్షానికీ వెళ్లబోమన్న 88 మంది మన సైనికుల వెంట 1954లో భారత్ వచ్చారు. కొందరు తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా చేరి అక్కడే స్థిరపడ్డారు.

అంటే దారి లేకపోలేదు. ఏడు దశాబ్దాల కిందట వేల మందిని అడిగిన ప్రశ్నను ఇప్పుడు అడగాల్సింది ఇద్దరినే: నువ్వెక్కడికి వెళ్తావు? నౌక ఎక్కించేటప్పుడు వారిని ఆ మాట ఎవరూ అడగలేదు.