చెరిపినా చెరగని గుర్తులు

నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒక కుర్రవాడు తన ప్రోగ్రెసు కార్డులో 28ని గోకి 68 చేసి, తండ్రిచేత సంతకం పెట్టించి తెచ్చాడు. అంకె చక్కగానే కుదిరింది. కాని కార్డును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే, ఆ చోట కాగితం పలచబడి ఉన్నది. అంకె అబద్ధమాడినా కాగితం నిజం చెప్పేసింది!

కాగితమే కాదు, ఇనుము కూడా ఇలాగే నిజం చెబుతుంది. జపాను కత్తుల సంగతి వినండి.

పూర్వం జపాను కమ్మరులు ఉక్కును మడిచి మడిచి సాగగొట్టి, ఎర్రగా కాల్చి, నీటిలో ముంచి పదునెక్కించేవారు. 1930ల తరవాత యుద్ధం పెరిగినకొద్దీ సైన్యానికి వేలకువేలు కత్తులు కావలసివచ్చాయి. అందుచేత చాలా కత్తులను ఫ్యాక్టరీ ఉక్కుతో తొందరగా చేసి, నూనెలో ముంచి పదునెక్కించారు. అలాంటివాటికి ముద్రలు కొట్టేవారు. కత్తులకు పేరుపడిన సెకి అనే ఊళ్ళో తయారైన వాటిమీద ‘షోవా’ అనీ, ‘సెకి’ అనీ ముద్రలు కనిపిస్తాయి.

ఈ ముద్రలు ఎక్కడుంటాయో తెలుసా? పిడిలో దాగి ఉండే ఇనుపతోక మీద! దానిని జపాను భాషలో ‘నకాగో’ అంటారు. పిడికి అడ్డంగా ఉన్న చిన్న వెదురుచీల తీస్తే పిడి ఊడివస్తుంది. కమ్మరి సంతకమూ, తేదీ కూడా అక్కడే చెక్కి ఉంటాయి. తేదీ చదవటానికి చిన్న లెక్క ఉన్నది: షోవా సంవత్సరానికి 1925 కలపండి. షోవా 17 అంటే 1942 అన్నమాట.

చేతితో కొట్టిన కత్తికి ఖరీదెక్కువ. పైగా జపానులో సంప్రదాయ పద్ధతిలో చేసిన కత్తులనే కళావస్తువులుగా నమోదు చేస్తారు. అందుకని కొందరు ముద్రను ఆకురాయితో అరగదీసి, పాతకాలపు గొప్ప కమ్మరి పేరు చెక్కుతారు. మరి ఆ మోసం ఎలా బయటపడుతుంది?

మొదటి సాక్షి తుప్పు. ఏళ్ళ తరబడి మెల్లగా పట్టిన తుప్పు నల్లగా, గట్టిగా, అంతటా ఒకేలా ఉంటుంది. అరగదీసిన చోట మందుపూసి తెప్పించిన తుప్పు ఎర్రగా, పొడిపొడిగా, మచ్చలుగా ఉంటుంది. రెండవ సాక్షి ఆకురాతి గీతలు. కమ్మరి తోకమీద వాటిని వరుసగా, ఒకే వాలుగా గీస్తాడు. ముద్ర తీసేసినచోట ఆ వరుస తెగిపోతుంది. మూడవది పల్లం. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టితే, అరిగినచోట నీడ పడుతుంది. నాలుగవది సంతకమే! పాత తుప్పును చీల్చుకుంటూ కొత్తగా ఉలి దిగితే, గాడిలోపల తుప్పు లేతగా ఉంటుంది.

1935లో సార్జంట్ల కోసం నిర్ణయించిన కత్తులకు మరో పరీక్ష ఉన్నది. అలుగుమీదా ఒరమీదా ఒకే నెంబరు కొట్టేవారు. నెంబర్లు కలవకపోతే, ఆ రెండూ మొదట ఒకదానికొకటి చెందినవి కావన్నమాట.

అయితే తోక పొట్టిగా ఉన్న ప్రతి కత్తీ దొంగదని అనుకోకండి. పాత కత్తులను వాడేవారి ఎత్తుకు తగినట్టు కురచ చేయటం జపానులో ఎప్పటినుంచో ఉన్నది. నేరం మోపేముందు సాక్షులందరినీ విచారించాలి!

మోసగాడు చెరిపేది ఒక్క ముద్రనే కాదు. ఆ కత్తి ఏ ఊళ్ళో, ఏ యుద్ధంకోసం, ఎంత తొందరలో తయారయిందో చెప్పే చరిత్రను చెరుపుతున్నాడు. తెలియక మనమూ అదే పని చేస్తాం. తోకమీది తుప్పును మంచి మనసుతో తోమేసినా సాక్ష్యం పోతుంది. అందుకే తెలిసినవారు దానిని ముట్టుకోరు.

మీ ఇంట్లో పాత రాగికాసు దొరికితే, వెంటనే చింతపండు పెట్టి తోమకండి. ముందు వెలుతురుకు పట్టి చూడండి. దానికి చెప్పవలసిన మాటలు ఎన్నో ఉండవచ్చు!